తిరుపతి ఫ్లయిట్‌ల ఏ కిటికీ తీస్కోవాలె? కృష్ణ నీళ్లు ఏ దిక్కు కనవడ్తయి?

కొల్లాపూర్ శీను
అందరికి నమస్తే. కార్తీకంల అమ్మను, నాయినను తిరుపతికి తోల్కపోతున్న. శంషాబాద్‌ల పొద్దుగాల ఏడు గంటల ఫ్లయిట్, రేణిగుంటల దిగుడు. మర్నాడు సాయంత్రం నాలుగుంబావుకు వాపస్. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. టికెట్ మీద ఏటీఆర్ (పంకలుండే చిన్న విమానం) అని ఉన్నది.

ముచ్చటేందంటే, మా అసలు ఊరు సోమశిల దిక్కుండె. శ్రీశైలం ప్రాజెక్టు నిండినప్పుడు మునిగిపోయింది. అప్పటికి నాయినకు ఇరవై నాలుగేండ్లు. టికెట్లు తీసిన్నని చెప్పంగనే, "పైకెల్లి పోతది గద, మనూరి మీది నీళ్లు కనవడ్తయా?" అని అడిగిండు. మా నాయిన నన్ను నోరు తెరిచి ఏదన్న అడుగుడే తక్కువ. సీటు ఎంచుకునే కాడికొచ్చి ఆగిన. 'ఏ' అక్షరం సీటు తీస్కోవాల్నా, 'ఎఫ్' సీటు తీస్కోవాల్నా? తెలిసినోళ్లు జెప్పుండ్రి.

జడ్చర్ల జంక్షన్
ఆలోచన ఏం లేదన్నా, ఎడమ దిక్కు ఏ తీస్కో. నేను చెన్నై పోయేటప్పుడు శ్రీశైలం డ్యాం కండ్లార చూసిన. కొండల నడుమ గోడ లెక్క ఉన్నది, ఎనక నీళ్లు. పక్కా ఏ.

మిర్యాలగూడ మిల్లు
తమ్మీ, పెద్దోళ్లకు కిటికీ ఎందుకు? నడవా పక్క సీటు తీస్కో. లేవాలన్నా కూసోవాలన్నా ఇబ్బంది ఉండది. నేను ఢిల్లీకి నెలకోసారి పోత, ఇన్నేండ్లల్ల ఒక్కసారి బయటికి చూడలే. ఏముంటది, మబ్బులు.

జడ్చర్ల జంక్షన్
మిల్లు అన్నా, ఆయన ఊరు చూస్తనంటున్నడు, నువ్వు బాత్రూం ముచ్చట చెప్తున్నవు 🙂

నల్లగొండ భూగోళం
శీను గారూ, ముప్పై రెండేళ్లు భూగోళశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ని. విమానం ఎక్కే ముందు మ్యాపు మీద స్కేలు పెట్టి గీసుకోవడం నాకొక జబ్బు. మీ ప్రశ్న చూశాక ఊరుకోలేక గీశాను.

ముందు ఒక సంగతి. ఏ, ఎఫ్ అనేవి తూర్పు పడమరలు కావు. విమానం ముక్కు ఎటుందో అటు మొహం పెట్టి నిలబడండి. ఎడమ చేతి వైపు కిటికీ ఏ, కుడి చేతి వైపు ఎఫ్. తిరుపతికి పోయేటప్పుడు మొహం దక్షిణానికి, కాస్త తూర్పుకు ఉంటుంది. అంటే ఏ వైపు తూర్పు, ఎఫ్ వైపు పడమర.

శంషాబాద్ నుంచి రేణిగుంటకు తిన్నగా గీత గీస్తే అది శ్రీశైలం ఆనకట్టకు పదికిలోమీటర్లు పడమరగా పోతుంది. కాబట్టి డ్యాం ఎడమ వైపే, దగ్గరగానే. జంక్షన్ గారు చెప్పింది అబద్ధం కాదు. కాని శీను గారి నాయనగారు అడిగింది డ్యాం కాదు. కొల్లాపూర్, సోమశిల ఆ గీతకు పడమరన, సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అది కుడి వైపు. ఎఫ్.

జడ్చర్ల జంక్షన్
సారు, యాభై కిలోమీటర్లంటే మా జడ్చర్ల కెల్లి షాద్‌నగర్ దాటినట్టు. గంత దూరం కనవడ్తదా?

నల్లగొండ భూగోళం
నేల మీద నిలబడితే కనబడదు. ఏటీఆర్ సుమారు 18, 20 వేల అడుగుల్లో పోతుంది, అంటే ఆరు కిలోమీటర్ల ఎత్తు. అక్కడి నుంచి యాభై కిలోమీటర్ల అవతలి నీళ్లు కంటి మట్టానికి ఏడు డిగ్రీలు కింద కనిపిస్తాయి. చేయి బారజాపి నాలుగు వేళ్లు అడ్డంగా పెడితే ఎంతో, దాదాపు అంత. గాలి తేటగా ఉంటే చాలు. కార్తీకంలో వానలు వెనక్కి పోయి గాలి కడిగినట్టుంటుంది, ఎండాకాలంలో ఆ దూరమంతా దుమ్ము తెరే. పైగా ఈ కాలంలో జలాశయం నిండుగా ఉంటుంది. నిండితే 885 అడుగుల మట్టం. వెనక జలాలు కొండల సందుల్లోకి వేళ్లు పెట్టినట్టు పాకి ఉంటాయి. మట్టం తగ్గాక సన్నటి పాయను అంత దూరం నుంచి పోల్చుకోవడం కష్టం.

వనపర్తి వేణు
సార్ చెప్పిందాంట్లో ఒకటి జోడిస్త. దిక్కు కుదిరినా రెక్క అడ్డమొస్తే అంతే సంగతులు. ఎయిర్‌బస్ 320 లాంటివాటిల రెక్క కిటికీల కింద ఉంటది. సుమారు 10వ వరుస నుంచి 20వ వరుస దాకా కూసుంటే నీకు కనవడేది తెల్ల రేకు. ఇంకొంచెం ఎనక కూసుంటే రెక్క అడ్డం రాదుగాని, ఇంజన్ వేడి గాలికి నేల నీళ్లల్ల వణికినట్టు కనవడ్తది. ఫోటోలు ఖరాబైతయి. ముందు వరుసలు బెస్టు, కాని వాటికి పైసలెక్కువ. నేనైతే ఆఖరి నాలుగైదు వరుసలు తీస్కుంట.

నీది ఏటీఆర్ గదా, లక్కీ. దానికి రెక్క నెత్తి మీద ఉంటది. కిటికీల కెల్లి కింద అడ్డమేమీ ఉండది. అటు రెండు ఇటు రెండే సీట్లు, ఏ సీ, డీ ఎఫ్. నడుమ సీటు లొల్లే లేదు. ఎక్కుడు దిగుడు ఎనక తలుపుకెల్లి. ముందు దిక్కు ప్రొపెల్లర్ పక్కన చప్పుడెక్కువ, పెద్దోళ్లకు ఎనక వరుసలే మంచిగుంటయి.

ఇగ నా గోస ఇనుండ్రి. ఒకసారి బోయింగ్ 737ల కిటికీ సీటుకని అదనంగ పైసలు కట్టిన. ఎడమ దిక్కు, రెక్కకు జర ముందర. పోయి కూసుంటే కిటికీ లేదు! గోడ ఉన్నది. అక్కడ ఏసీ గాలి పైకి పోయే గొట్టాలు గోడల నుంచి పోతయట, అందుకని కిటికీ కొయ్యలే. కంపెనీ పేరు చెప్పను గాని, మెయిల్ పెడితే "మీరు కిటికీ వైపు సీటు కొన్నరు, కిటికీని కొనలేదు" అన్నట్టు జవాబొచ్చింది. గంటన్నర ఆ గోడను చూసుకుంట కూసున్న.

మిర్యాలగూడ మిల్లు
😂😂 అందుకే నడవా సీటు అన్న.

దేవరకొండ సుజాత
మా దిక్కు ముచ్చట కూడా రాయండి మరి. హైదరాబాద్ నుంచి విజయవాడ ఫ్లయిట్ మన నల్లగొండ పక్కకెళ్లే పోతది. మా అక్క కూతురు కాన్పుకని అర్జెంటుగా పోవాల్సొచ్చి ఎక్కినా. బస్సుకంటే టికెట్ ఎంత ఎక్కువో అడగకుండ్రి. పొద్దున ఫ్లయిట్, ఎఫ్ వచ్చింది. నాగార్జునసాగర్ కుడి దిక్కే కనవడ్తదని తెలుసు. కాని మొత్తం ఎండ మొకం మీదనే. కండ్ల మీద చెయ్యి పెట్టుకుని చూస్తే నీళ్లు తగరం లెక్క మెరుస్తున్నయి, అంతే. ఎక్కడ డ్యాం, ఎక్కడ కొండ ఏం తెల్వలే. కాసేపటికి దామరచర్ల యాదాద్రి పవర్ ప్లాంట్ చిమ్నీలు మాత్రం మంచిగ కనవడ్డయి.

మళ్లొకసారి ఆగస్టుల పోయిన. సాగర్ గేట్లు ఎత్తిన దినాలు. ఆ 26 గేట్ల నీళ్లు అంత దూరం నుంచి ఒక తెల్ల దారం ముక్క. చెప్తే ఇంట్ల ఎవరూ నమ్మలే. ఆ పక్క సీటాయన ఎడమ దిక్కు కూసున్నోళ్లకు హైవే, సూర్యాపేట కనవడ్తయని చెప్పిండు. హైవే బస్సుల కెల్లి రోజూ చూస్తనే ఉన్న గదా.

నల్లగొండ భూగోళం
సుజాత గారు చెప్పింది చాలామందికి తట్టని సంగతి. మనం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే వాలి ఉంటాడు. తూర్పుకు పోయే విమానంలో కుడి వైపు దక్షిణం, కాబట్టి పొద్దునైనా సాయంత్రమైనా ఎఫ్ వాళ్లకు ఎండ తప్పదు. ఆగస్టు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఆ బాధ తక్కువ. మబ్బులు కరుణించాలి, అంతే.

శీను గారి ఫ్లయిటుకు ఇది కలిసొచ్చింది. పొద్దున ఏడుకు దక్షిణంగా పోతుంటే సూర్యుడు ఎడమ వైపు. కుడి కిటికీకి ఎండ వెనక నుంచి పడుతుంది, నేల తేటగా, రంగులతో కనిపిస్తుంది.

అచ్చంపేట అడవి
మా నల్లమల దిక్కు ముచ్చటొచ్చింది కాబట్టి ఆగలేకపోయిన. శీనన్నా, ఎఫ్ తీస్కున్నా నీకు నష్టం లేదు. కృష్ణ దాటేకంటే ముందు కుడి దిక్కు అమ్రాబాద్ అడవి అంచు కనవడాలె. గుట్టల మీద మబ్బు తునకల నీడలు పడుతుంటయి, చూస్తే తెలుస్తది మన పులుల అడవి ఎంత పెద్దదో. రోడ్డు మీద పోతుంటే ఘాట్ మలుపులు తప్ప ఏం కనవడది.

నేను పోయినేడాది ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా పోయిన. అందరూ ఎడమ దిక్కు కూసో అన్నరు, ఏ తీస్కున్న. అక్టోబరు, ఒక్క మబ్బు లేదు. తూర్పుకు పోతుంటే ఉత్తరం అంతా హిమాలయాలు, ఎవరెస్ట్, ఆఖరికి కాంచన్‌జంగ. వాపస్ వచ్చేటప్పుడు మరిచిపోయి మళ్లా ఏ తీస్కున్న. బీహార్ పొలాలు చూసుకుంట వచ్చిన. వాపస్‌ల దిక్కు మారుతదని నా బుర్రకు తట్టలే.

జడ్చర్ల జంక్షన్
నాకు గూడ తట్టలే, చెప్పినందుకు థాంక్స్. శీనన్నా, వాపస్‌ల ఏ తీస్కో అన్నట్టు. నా మాట సగం నిలబడ్డది 😎

కొల్లాపూర్ శీను
అందరికి దండాలు. సార్, ఒక డౌటు. మీరు స్కేలు పెట్టి గీసిన్రు. విమానం గీత మీదనే పోతదా? మా తమ్ముడు అట్ల పోదు, వాళ్లకు వేరే రూట్లుంటయి అంటున్నడు.

నల్లగొండ భూగోళం
మీ తమ్ముడిదే నిజం. స్కేలు గీత ఒక అంచనా మాత్రమే. విమానాలు ఆకాశంలో గుర్తులు పెట్టుకున్న దారుల్లో పోతాయి, మధ్యలో కంట్రోలు వాళ్లు పక్కకు తిప్పుతారు, ఉరుముల మబ్బుంటే చుట్టు తిరుగుతాయి. ఫ్లైట్‌రాడార్24లో మీ ఫ్లయిట్ నంబరు కొట్టి గడిచిన వారం రోజుల దారి చూడండి. అయిదారు రోజులు ఒకటే పోకడగా ఉంటే మీ రోజూ అంతే అనుకోవచ్చు.

ఇంకొకటి. మునిగిన ఊరు చూడడమే ముఖ్యమైతే తిరుపతి కంటే బెంగళూరు ఫ్లయిట్ నయం. ఆ గీత సోమశిలకు పదికిలోమీటర్లు పడమరగా పోతుంది, ఎడమ కిటికీ నుంచి దాదాపు కాళ్ల కిందే. టికెట్లు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు చెప్పి లాభం లేదు, మనసులో ఉంచుకోండి.

కొల్లాపూర్ శీను
చూసిన సార్. ఆరు రోజులు చూసిన. నాలుగు రోజులు మీ గీత దగ్గర దగ్గరే ఉన్నది, రెండు రోజులు ఇంకొంచెం పడమరకు వంగింది. వంగితే మాకే మంచిది గదా.

వనపర్తి వేణు
మస్తుంది. కృష్ణ దాటేది గాల్లోకి లేచిన ఇరవై నిమిషాలకు. టైము చూస్కో. ఛాయ్ బండి సరిగ్గ అప్పుడే వస్తది, నాయినకు ముందే చెప్పి పెట్టు 🙂

ఫోటోకు: ఫోను అద్దానికి దగ్గర పెట్టు, కాని ఆనించకు, ఆనిస్తే వణుకుతది. లోపలి మెరుపు పడకుండ నల్ల తువాల గాని చేతి రుమాలు గాని చుట్టూ అడ్డం పెట్టు.

పాలెం పద్మ
కొత్తగా చేరాను. సిటీ కనబడాలంటే ఏ వైపు? మా బాబు అడుగుతున్నాడు. కిటికీ అద్దానికి కింద చిన్న బొక్క ఉంటది గదా, అదెందుకు అని కూడా అడుగుతున్నాడు.

వనపర్తి వేణు
సిటీ శంషాబాద్‌కు ఉత్తరాన. రన్‌వేలు తూర్పు పడమర. పడమటి గాలి ఉన్న వానకాలంల విమానం పడమరకు లేస్తది, అప్పుడు సిటీ కుడి దిక్కు, హిమాయత్‌సాగర్ గూడ. చలికాలంల తూర్పుకు లేస్తది, అప్పుడు ఎడమ దిక్కు. దిగేటప్పుడు గూడ గదే లెక్క, విమానం మొకం ఎటున్నదో చూస్కోండి. తూర్పుకెల్లి వచ్చి దిగేటప్పుడు రామోజీ ఫిల్మ్ సిటీ, ఇబ్రహీంపట్నం చెరువు దిక్కు నుంచి వస్తది.

బొక్క సంగతి: అద్దాలు మూడు పొరలు. నడిమి పొరకు ఉంటది ఆ సందు. పొరల నడుమ గాలి ఒత్తిడి సమానంగ ఉంచి బరువంతా బయటి పొర మీద పడేటట్టు చేస్తది, తేమ పట్టకుండ గూడ ఉంటది. బాబుకు వేలు పెట్టొద్దని చెప్పండి, వేలు పట్టది గాని.

మిర్యాలగూడ మిల్లు
వైజాగ్‌ల ఫోటోలు జాగ్రత్త. అది నేవీ ఎయిర్‌పోర్టు, కింద ఉన్నప్పుడు తియ్యొద్దు. నా పక్కోనిని తిట్టిన్రు, నేను చూసిన. నడవా సీట్లనే ఉన్న.

కొల్లాపూర్ శీను
బుక్ చేసిన. పోయేటప్పుడు 17ఎఫ్ నాయినకు, 17డీ అమ్మకు. వాపస్ 17ఏ, 17సీ. నేను అవతల. నడవా సీట్లోనే మిల్లు అన్నా, నీ మాట తీసెయ్యలే.

(పదమూడు రోజుల తర్వాత)

కొల్లాపూర్ శీను
వచ్చినం. దర్శనం మంచిగయ్యింది. మీరందరు ఇంత సాయం చేసిన్రు కాబట్టి రాస్తున్న.

పోయేటప్పుడు మబ్బు. నాయిన కిటికీకి ముక్కు ఆనించి కూసున్నడు, ఇరవై నిమిషాలు దాటినా, ఇరవై అయిదు దాటినా కింద పత్తి పరిచినట్టే. ఒక్క మాట మాట్లాడలే. నాకు పానం కొట్టుకున్నది, ఇన్ని లెక్కలు చేసి ఇంతేనా అని. అప్పుడు అమ్మ నాయిన మీదికెల్లి వంగి జర ఎనక్కి చూసి, "అగో, అగో" అని అరిచింది. మబ్బుల మీద మన విమానం నీడ, దాని చుట్టూ గుండ్రంగ సింగిడి. పూర్తి గుండ్రంగ! మన నీడతోని పాటే ఉరుకుతున్నది. అమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది. స్వామి చక్రం అని ఆమె లెక్క. ముందు వరుసలోళ్లు గూడ తిరిగి చూసిన్రు. సార్, అదేంటిది?

నల్లగొండ భూగోళం
గ్లోరీ అంటారు శీను గారూ. సూర్యుడికి సరిగ్గా ఎదురు వైపు మబ్బుల మీద పడుతుంది. మబ్బులోని చిన్న నీటి బొట్లు వెలుతురును వచ్చిన దారినే వెనక్కి తిప్పడం వల్ల నీడ చుట్టూ రంగుల వలయాలు ఏర్పడతాయి. ఎడమ వైపు కూర్చున్న వాళ్లకు అది కనబడి ఉండదు. నేను ఇన్నిసార్లు ఎక్కి రెండుసార్లే చూశాను. అమ్మగారి చక్రం పేరు బాగుంది, నేనూ వాడుకుంటాను.

అచ్చంపేట అడవి
వాపస్ సంగతి చెప్పన్నా. ఊరు కనవడ్డదా?

కొల్లాపూర్ శీను
చెప్త. వాపస్‌ల మబ్బు లేదు. అయిదు గంటలప్పుడు ఎడమ దిక్కు పొద్దు వాలుతున్నది. సార్, మీరు ఎండ పడితే ఏం కనవడదన్నరు, సుజాతక్క గూడ గదే అన్నది. మాకు ఉల్టా అయ్యింది. నేలంతా నల్లగ, నీళ్లు మాత్రం ఎర్రగ. కాల్చిన కడ్డీ లెక్క. కొండలల్ల ఎక్కడెక్కడ నీళ్లున్నయో ఒక్కొక్క పాయ ఏరుకోవచ్చు. మెరుపు మాతోని పాటు జరుగుకుంట పోయింది, ఒక వంపు ఆరుతుంటే ఇంకొకటి అంటుకున్నది.

నాయిన వేలు పెట్టి చూపెట్టుడు షురూ చేసిండు. "గదిగో ఆ పెద్ద వంపు, దాని అవతల సన్న మూల, గక్కడ మన ఇల్లు." అమ్మ, "గది కాదు, ఆ ఎనకది. మన ఊరికి కొండ కుడి చేతికుండె, అక్కడ కొండ ఏది?" "నీకేం తెల్సు, నువ్వు లగ్గమై వచ్చి మూడేండ్లకే మునిగె." "మూడేండ్లు నీళ్లు మోసింది నేనా నువ్వా?" ఇట్ల. నేను నడవా అవతల సీట్ల కెల్లి వంగి ఇంటున్న. పక్కన కూసున్న తమిళాయనకు భాష రాకున్నా నవ్వుతున్నడు.

శంషాబాద్‌ల దిగేదాకా అదే లొల్లి. ఇంటికొచ్చినంక ఫోన్ల శాటిలైట్ మ్యాపు తెరిచి ఇద్దరికీ చూపెట్టిన. ఇద్దరూ ఒప్పుకోలే, మ్యాపే తప్పన్నరు. ఎండాకాలం నీళ్లు తగ్గినంక పడవ కట్టించుకొని పోయి పునాదులు చూసి తేల్చుకుంటరట.

దేవరకొండ సుజాత
తమ్మీ, నేనైతే అమ్మ దిక్కే. నీళ్లు మోసినోళ్లకు తెలుస్తది ఊరు ఎటుండెనో.

మిర్యాలగూడ మిల్లు
వచ్చే నెల ఢిల్లీ ఉంది. పొద్దున ఫ్లయిట్. కిటికీ అంటే ఏ దిక్కు తీస్కోవాలె? ఊకెనే అడుగుతున్న.

నల్లగొండ భూగోళం
ఉత్తరానికి పోతారు, సూర్యుడు కుడి వైపు. ఏ తీసుకోండి. రెక్క దగ్గర వద్దు.